ఉక్కు గదిలో పిచ్చుక

పాప నుదుటి మీద చెయ్యి పెట్టి, కాలుతున్నది నుదురో తన అరచెయ్యో తేల్చుకోలేక పిచ్చుక సతమతమవుతుండగా ఫోన్ మోగింది.

"గొడుగు తెచ్చుకో," అంది అవతలి గొంతు.

వాన లేని రోజున గొడుగంటే, ఉన్నపళంగా ఆఫీసుకు రమ్మని.

పాపని అత్తగారి ఒళ్ళో పడుకోబెట్టి, చెవి దగ్గర నోరు పెట్టింది. "అమ్మ ఎక్కడికెళ్ళిందని ఎవరడిగినా చెప్పకు. తెలిసినవాళ్ళడిగినా సరే." పాప కళ్ళు మూసుకునే బుర్ర ఊపింది.

పిచ్చుక అన్నది కోడ్ నేమ్. పైకి ఆమె సముద్రం లోతుల్లో పనిచేసే డైవర్. లోపల సీక్రెట్ ఏజెంట్.

బ్రీఫింగ్ రూమ్‌లో చీఫ్ తెర మీద పాత యుద్ధనౌక బొమ్మ వేశాడు. "గుర్తుపట్టావా?"

"స్కూలు పుస్తకంలో ఉండేది సార్. తాతల కాలం యుద్ధంలో మాయమైంది. కెప్టెన్ బంగారం పెట్టెలతో ఉడాయించాడట. నా చదువు ఆగిపోయింది ఆ పాఠం దగ్గరే."

"ఉడాయించలేదు. ఓడ సముద్రం అడుగునే ఉంది. ఒక విదేశీ ముఠా కనిపెట్టింది. పెట్టెలు పైకి తీయడానికి డైవర్లని పెట్టుకుంటోంది. అందులో చేరు. పెట్టెల్లో ఏముందో చూడు, అవి మాత్రం వాళ్ళ చేతికి దక్కకూడదు. ముఠా ఓడ మీద డాక్టర్ మన మనిషే. 'ఉప్పు సరిపోయిందా' అంటుంది. 'నీళ్ళే ఎక్కువయ్యాయి' అను."

బయటికొస్తుంటే పరికరాలు చేసే మేస్త్రి చేతికో వాచీ తొడిగాడు. "మీట నొక్కితే నేవీకి సిగ్నల్. నీళ్ళలోంచి పోదు, ఉక్కు గోడల్లోంచి పోదు. శత్రువెవడైనా అద్దం ఊడబీకితే దానంతటదే సిగ్నల్ కొడుతూనే ఉంటుంది. ఇక ఆ పక్కనున్న మర..."

"ప్రెషర్‌లోంచి బయటికి పంపేముందు వదులు చెయ్యాలి, లేకపోతే లోపల చేరిన గాలి ఉబ్బి వాచీ పాడవుతుంది. డైవర్‌కి చెప్తున్నావా బాబాయ్?"

"మొన్న పాడుచేసి తెచ్చినవాడూ డైవరేనమ్మా."

పిచ్చుక డైవర్‌గా చేరిన ముఠా ఓడ మీద డాక్టర్ సినిమా తారలా ఉంది. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్ళద్దాలు, తెల్ల కోటు కింద పట్టు స్కార్ఫ్. గుండె పరీక్ష చేస్తూ, "ఉప్పు సరిపోయిందా?" అంది.

"నీళ్ళే ఎక్కువయ్యాయి అక్కా," అంది పిచ్చుక. ప్రాణం కుదుటపడింది.

అంత లోతుకు దిగేవాళ్ళు పని ముగిసేదాకా డెక్ మీదున్న ఉక్కు గదిలోనే బతకాలి. గది నిండా సముద్రం అడుగునుండే ఒత్తిడి, పీల్చుకోడానికి హీలియం కలిపిన గాలి. ఆ ఒత్తిడి తగ్గించడానికి రోజులు పడతాయి. ఒక్కసారిగా తగ్గిస్తే మూత తీసిన సోడాలా ఒంట్లో రక్తం పొంగుతుంది, మనిషి దక్కడు. పైగా ఆ గాలికి ఎంత గంభీరమైన గొంతైనా బాతు గొంతే.

"ఎందుకు చెల్లెమ్మా అలా నీరసంగా ఉన్నావు?" అన్నాడు జోడీ డైవర్, బాతులా.

"పాపకి జ్వరం అన్నా," అంది ఆమె, ఇంకా చిన్న బాతులా.

నవ్వకూడదనుకుని ఆయన నవ్వేశాడు. ఆమెకి ఏడుపొచ్చింది. ఆ గొంతుతో ఏడుపు కూడా నవ్వులాటగానే వినిపించింది.

అడుగున, మునిగిన ఓడ పొట్టలో, ఆమె దీపం ఒకచోట ఆగిపోయింది. సముద్రపు నీటిని లోపలికి వదిలే వాల్వులన్నీ తెరిచి ఉన్నాయి. ఎవరూ పేల్చలేదు, చేత్తో తిప్పారు. ఆఖరి వాల్వు పక్కన కెప్టెన్ కోటు బొత్తాలు, కొన్ని ఎముకలు. వెనక వరసగా పెట్టెలు, మీద పుర్రె గుర్తు. విషవాయువు బాంబులు. ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయే సరుకు. దాన్ని ఎవరికీ చిక్కనివ్వకుండా తనతోపాటు ముంచేసిన మనిషిని ఇన్నేళ్ళూ దొంగ అన్నారు.

ఆమె తేరుకునేసరికే, బంగారమనుకుని జోడీ డైవర్ పెట్టెలన్నిటికీ కొక్కేలు తగిలించేశాడు.

మళ్ళీ ఉక్కు గది. గుండ్రటి కిటికీలోంచి చూస్తుండగానే క్రేన్ పెట్టెల్ని పైకి లాగడం మొదలుపెట్టింది. పక్కనే ముఠావాళ్ళ రెండో ఓడ కాచుకుని ఉంది. పిచ్చుక వాచీ విప్పి, భోజనం పళ్ళేలు వచ్చిపోయే రెండు తలుపుల ఇనుప అరలో పడేసి తలుపు బిగించింది. ఆదరాబాదరాగా ఫోన్ అందుకుంది. "అక్కా, ఆ వాచీ తీసుకుని మీట నొక్కండి. తొందరగా."

డాక్టర్ అరలో ఒత్తిడి వదిలేసి, బయటి తలుపు తీసింది. వాచీని కిటికీ దగ్గర పెట్టి ఊపింది. దాని అద్దం లేదు.

"విరిగిన వాచీ పంపావేంటమ్మాయ్?" ఫోన్‌లో ఆమె గొంతు తీయగా ఉంది. "బాగున్నా నొక్కేదాన్ని కాదులే. మీ ఆఫీసు ఇచ్చే జీతానికి నాకు స్కార్ఫ్ కూడా రాదు."

మర. పిచ్చుక దాన్ని వదులు చేయడం మర్చిపోయింది. లోపల చేరిన గాలి ఉబ్బి అద్దాన్ని ఎగరగొట్టింది. ఏ డైవరైనా నిద్రలో కూడా చేసే పని, అదీ తన చేత కాలేదు.

"చిన్నపిల్ల తల్లివి. ఇలాంటి ఉద్యోగానికి ఎందుకొచ్చావు?" డాక్టర్ వాచీని కోటు జేబులో వేసుకుని, గది ఒత్తిడి వదిలే చక్రం మీద చెయ్యి వేసింది. "చివరి పెట్టె కూడా దాటనీ. మీకు నొప్పి ఎక్కువసేపు ఉండదు."

"పెట్టెల్లో ఏముంది చెల్లెమ్మా?" అన్నాడు జోడీ డైవర్. ఆమె చెప్పింది. ఆయన తలపట్టుకుని కూలబడ్డాడు.

అప్పుడు మేస్త్రి మాట గుర్తొచ్చింది. అద్దం ఊడితే దానంతటదే. కానీ సిగ్నల్ వెళ్ళిందా? వెళ్తే ఎవరైనా విన్నారా? అడగడానికి దిక్కు లేదు. గాజుకి నుదురు ఆనించి నిలబడటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. పాప మంచం పక్కన కూర్చున్నా ఇంతే కదా అనిపించింది.

రెండో ఓడకి ఇంకా ఒక్క పెట్టె కూడా చేరలేదు. మొదటిది అప్పుడే క్రేన్‌కి వేలాడుతూ నీళ్ళ మీదికి వచ్చింది. విసుగెత్తిన డాక్టర్ చక్రాన్ని కొద్దిగా కదిపింది. పిచ్చుక చెవుల్లో ఏదో చిట్లినట్టయింది.

డెక్ మీద నీడ పడింది. హెలికాప్టర్ గాలికి పట్టు స్కార్ఫ్ ఎగిరి డాక్టర్ మొహానికి చుట్టుకుంది. దాన్ని లాక్కునేలోపు నేవీ సైనికులు తాళ్ళ మీద జారి ఆమె చేతులు వెనక్కి విరిచారు. క్రేన్ గాల్లోనే ఆగింది. ఒకడు చక్రాన్ని గట్టిగా బిగించాడు.

కాసేపటికి కిటికీ అవతల చీఫ్ మొహం కనబడింది. "శభాష్. వాచీ అద్దం పేల్చెయ్యడం గొప్ప ప్లాన్. ఆ కెప్టెన్ పాఠం మార్పిస్తాను."

ప్లాన్ కాదని చెప్పే ఓపిక ఆమెకి లేదు. "ఇంటికి ఫోన్ కలపండి సార్."

కలిపాడు.

"అమ్మలూ, నేనే. జ్వరం తగ్గిందా?"

అవతల పాప కేకేసింది, "నాయనమ్మా, ఫోన్‌లో బాతు."

"బాతు కాదు తల్లీ, అమ్మని."

"మా అమ్మ ఇంట్లో లేదు."

"ఎక్కడికెళ్ళింది?" ఆ గొంతు ఇంకాసేపు వినాలని అడిగింది పిచ్చుక.

"చెప్పను," అని పాప ఫోన్ పెట్టేసింది.

చీఫ్ నవ్వు ఆపుకుంటూ, "మళ్ళీ కలపనా?" అన్నాడు.

"వద్దు సార్. ఎన్నిసార్లడిగినా చెప్పదు," అంది పిచ్చుక కళ్ళు తుడుచుకుంటూ. "మన డిపార్ట్‌మెంట్‌లో నోరు జారనిది అదొక్కతే."