ఎండు రొట్టె దాహం

శంఖవరం రాజ్యంలో తెల్లవారితే చాలు, యువరాజు ఎలా ఉన్నాడోనని జనం బెంగపడేవారు. యువరాజు అమరకేతుడు వేటకు వెళ్లి ఒక యక్షిణి నిద్ర చెడగొట్టి శాపం తెచ్చుకున్నాడు. ఆనాటినుంచి నోట ఏది పెట్టినా బూడిద రుచే. తిండి లేక చిక్కి శల్యమయ్యాడు. ఏ వైద్యమూ పనిచేయకపోవడంతో రాజు కోపం కోటలో రొట్టెల భట్టీ చూసే భద్రయ్య మీదికి మళ్లింది. అతణ్ణి చెరలో వేయించి, పున్నమిలోగా కుమారుడు తినకపోతే తల తీయిస్తానన్నాడు. అత్తమీద కోపం దుత్తమీద చూపడమంటే ఇదే.

భద్రయ్యకు ఒక్కతే కూతురు, కనకాంగి. ఏడుస్తూ కూర్చుంటే నాన్న ఇంటికి రాడని ఆ పిల్లకు తెలుసు. చిన్న నేతి గిన్నె, గుప్పెడు అటుకులు మూటకట్టుకుని అడవిదారి పట్టింది. మూడోనాడు ఒక ముని కనిపిస్తే కాళ్లమీద పడి సంగతంతా చెప్పింది. ఆయనకు జాలి కలిగింది. రాక్షసుడి గేదె పాలు, గండభేరుండ పక్షి గుడ్డు తెచ్చి, తేనె, దాల్చినచెక్క పొడి వేసి చిలికి, రొట్టె ముక్కలను రాత్రంతా అందులో నానబెట్టమన్నాడు. ఉదయాన కింద నిప్పు, పైన నిప్పు పెట్టి కాల్చి తినిపిస్తే శాపం తీరుతుందన్నాడు. ఏ రొట్టె అని అడగాలని ఆ తొందరలో ఆమెకు తోచలేదు.

కొండగుహ ముందు రాక్షసుడు ఖాళీ కుండ ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. వాడి కోరలు చూసి కనకాంగి వెనక్కి జరిగింది గానీ, ఏడుపు చూసేసరికి సగం భయం పోయింది. గేదె చుక్క పాలివ్వడం లేదట. దూడ పాలన్నీ తాగేస్తుందని దాన్ని గుహలో కట్టేశాడట.

"ముందు దూడను విడువు మామా. తల్లి చేపితేనే గదా నీకు పాలు," అంది కనకాంగి.

దూడ రెండు గుక్కలు తాగిందో లేదో, గేదె పొదుగు నిండేలా చేపింది. రాక్షసుడు ఆమెకు కుండెడు పాలిచ్చి, అడవి దాటేవరకు తోడు వచ్చాడు.

కొండకొమ్మున రెండు తలల గండభేరుండం గిలగిలలాడుతోంది. తుమ్మజిగురంటి దాని ముక్కులు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పిండి, జిగురు చేతులకు అంటడం భట్టీ ఇంటి పిల్లకు కొత్తా? మూటలోని నెయ్యి రాసి మెల్లగా విడదీసింది.

"రెండు తలలుండీ ఒక్కదానికీ ఈ ఉపాయం తోచలేదు తల్లీ," అంది పక్షి. గుమ్మడికాయంత గుడ్డు ఇచ్చి, ఆమెను వీపున ఎక్కించుకుని కోట ముందు దించింది.

శంఖవరం కోటలో రొట్టె ఒక పూట దాటితే మైల. పొద్దుగూకేసరికి మిగిలినవన్నీ ఏనుగులకు పోతాయి. అందుకే ఆమె రొట్టె అడగ్గానే వంటవాళ్లు అప్పుడే దించిన మెత్తని రొట్టె తెచ్చి ఇచ్చారు. తెల్లవారి చూస్తే అది పాలలో కరిగి జావయింది. ఎంత కాల్చినా గట్టిపడలేదు. యువరాజు నోట పెట్టి ఉమ్మేశాడు. మర్నాడే పున్నమి. సగం పాలు, సగం గుడ్డు విడిగా ఉంచుకుంది కాబట్టి సరిపోయింది.

కనకాంగి చెరసాలకు పరుగెత్తింది. భద్రయ్య అంతా విని తల ఊపాడు.

"కొత్త రొట్టెకు కడుపు నిండి ఉంటుందమ్మా, పాలు పట్టదు. ఎండిన రొట్టెకే దాహం."

కోటలో ఎండు రొట్టె ఎక్కడిదని ఆమె కంటతడి పెట్టుకుంది. ఆయన పక్కచాప ఎత్తి చూపించాడు. బెంగతో తినలేక దాచిన రొట్టెలు ఎనిమిది, రాళ్లలా ఉన్నాయి.

మరునాటి ఉదయం కనకాంగి పళ్లెం మూత తీసింది. రాత్రంతా పాలలో నానిన ఎండు రొట్టె అంచులు ఎర్రగా కాలి, నడుమ పొంగి ఉంది. దాల్చినచెక్క వాసన వసారాలన్నీ దాటింది. అమరకేతుడు తనంతట తానే నడిచి వచ్చి ఒక ముక్క నోట పెట్టుకున్నాడు.

"తియ్యగా ఉంది," అన్నాడు. ఆపైన ఇంకొకటి తీసుకున్నాడు.

హమ్మయ్య అని కోటంతా ఊపిరి పీల్చుకుంది. రాజు సిగ్గుపడి, తానే వెళ్లి చెరసాల తలుపు తీశాడు. యువరాజు కనకాంగిని పెళ్లాడతానన్నాడు. ఆమెకూ ఇష్టమే. కానీ నాన్న మాటే తన మాట అంది.

భద్రయ్య నాలుగు ముద్దలు తిని, స్తంభానికి ఆనుకుని, నెలరోజుల నిద్రంతా ఒక్కసారి వచ్చినట్టు గుర్రుపెట్టాడు. మంత్రి లేపబోతే రాజు చేయి అడ్డం పెట్టాడు. భద్రయ్య తల తీయిస్తానన్న నోటితోనే ఇప్పుడు ఆయన కూతురిని తన కొడుక్కి ఇమ్మని అడగాలి. అందుకే, భద్రయ్య లేచేదాకా ఎదురుగా చాప వేయించుకుని, సడి చేయకుండా కూర్చున్నాడు.