పాలపిట్టకు పాలు

“సాధనా, జల్ది తలుపు పెట్టవే! ఎవ్వలన్న చూస్తరు!”

తన్మయి డాబా మీద, నీళ్ల ట్యాంకు వెనక ఒక అట్టపెట్టె ఉంది. పక్క బిల్డింగ్ సాధన అందులోకి తొంగి చూసింది. నీలి రెక్కల పక్షి! ఒక రెక్కకు ఎప్పటిదో పతంగి మాంజా బిగుసుకుపోయింది.

“పాలపిట్ట!”

ఆ కేకకు కొత్తపేటలో కాకులన్నీ లేచి మలక్‌పేటలో వాలాయి. తన్మయి గబుక్కున ఆమె నోరు మూసింది.

దసరాకు ఇంకా మూడు రోజులే. ఆ రోజు పాలపిట్టను చూస్తే మంచిదని అందరూ వెతుకుతారు. పోయినేడు నానమ్మ కిష్టమ్మ మెడ పట్టేసేదాకా ఆకాశం చూసింది. కనిపించింది ఒక విమానం.

“గీసారి బిల్డింగంత మా డాబా మీదికే లైన్ కడ్తది,” అంది తన్మయి.

“బడికి ఫారెస్టోళ్లొచ్చి నంబర్ ఇచ్చిండ్రు గదనే? దెబ్బ తాకిన పిట్ట కనవడితే ఫోన్ చెయ్యమన్నరు.”

“చేస్తలే. దసరా అయినంక.”

“మరి ఏం తింటదే?”

“పేర్లనే ఉంది గదా మొద్దూ! పాలపిట్ట. పాలు తాగుతది.”

చెంచాతో పాలు పెడితే పక్షి తల విదిలించింది. తన్మయి ముక్కు తెరిచి పట్టుకుని పోసింది. పూటకో చెంచా. ఆ రాత్రి కలలో లైను ఎల్బీనగర్ చౌరస్తా దాటిపోయింది.

మూడో రోజు పక్షి కళ్లు తెరవలేదు. ముక్కు దగ్గర పాల బుడగలు. తన్మయి ఏడుస్తూ నానమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“గిన్ని దినాలు చెప్పలేదేందే?” అంటూ నానమ్మ ఫోన్ చేతికిచ్చింది.

అటవీ శాఖ జంగయ్య వచ్చి మాంజా కత్తిరించాడు.

“ఏం పెట్టినవ్ బిడ్డా?”

“పాలు... పాలపిట్ట గదా అంకుల్.”

జంగయ్య నవ్వలేదు. “అది మిడతలు, పురుగులు తింటది. పాలు పేర్లనే ఉన్నయి. ఎప్పుడు దొరికింది?”

“ఇయ్యాల పొద్దున్నే” అని అబద్ధం చెబుదామనుకుంది. పెట్టెలోకి చూసింది.

“మూడు రోజులైంది.”

“ఆ రోజే పిలిస్తే...” జంగయ్య పక్షిని పెట్టెలో పెట్టాడు. పెట్టె మెల్లగా ఎత్తుకుని వెళ్లాడు.

దసరా పొద్దున ఫోన్ వచ్చింది.

“బతికింది బిడ్డా. గానీ రెక్క పాడైంది. ఇగ ఎగురదు. జూ పార్కుల దవాఖాననే దానికి ఇల్లు.”

సాయంత్రం బిల్డింగ్ వాళ్లంతా డాబా ఎక్కి ఆకాశం చూస్తున్నారు. తన్మయి ఒక్కతే తల వంచుకుని తిరుగుతోంది. బట్టల తీగకు, ట్యాంకు పైపుకు చిక్కుకున్న మాంజా ముక్కలు విప్పి ఉండ చుడుతోంది.

“కనవడ్డదా తన్మయీ?” అంది నానమ్మ.

“లే నానమ్మా.”

ఉండ నిమ్మకాయంత అయింది. తన్మయి పిట్టగోడ దగ్గర నిలబడి, పక్క బిల్డింగ్ తీగకు వేలాడుతున్న మాంజా చూసి పిలిచింది.

“సాధనా! జర మీ డాబా తలుపు తియ్యవే.”