చిలకలబీడు స్టేషన్

2091 నాటికి పాత రైలు పటాలంటే జనానికి వెర్రి పట్టుకుంది. పెళ్ళిపత్రికల వెనక, చీరల అంచుల మీద, ఇడ్లీ హోటళ్ళ గోడల మీద ఎక్కడ చూసినా అవే. అయితే ఏ పటం ఎవరిదో మూలదర్శిని తేల్చి చెప్పందే దాన్ని అచ్చువేయడానికి వీల్లేదు.

మూలదర్శిని గుంతకల్లులో పుట్టిన యంత్రం. తయారుచేసినవాడు డాక్టర్ ఇందుశేఖర్. పటంలోని ప్రతి గీతనూ, ప్రతి చుక్కనూ అది ఉపగ్రహం చూపించే నేలతో పోల్చి చూస్తుంది. ఎప్పుడో కూల్చేసిన స్టేషన్ పునాది కూడా దాని కన్ను దాటిపోదు. నేల మీద ఉన్నది నిజం. నిజానికి కాపీరైట్ ఉండదు, ఎవరైనా గీసుకోవచ్చు. నేల మీద లేనిది కల్పన, దానికి కర్త ఉంటాడు. ఒకే కల్పన రెండు పటాల్లో కనిపిస్తే రెండోది నకలు. కర్త పోయి అరవై ఏళ్ళు దాటితే హక్కు పోతుంది గానీ పేరు పోదు. పటం కింద ఆ పేరు వేసి తీరాలని కొత్త చట్టం చెబుతోంది.

ఒకరోజు ఇంజన్ల షెడ్డులో పనిచేసే నాగరత్న అనే ఆమె, మడతల దగ్గర చిరిగిన పటం ఒకటి పట్టుకుని ఇందుశేఖర్ దగ్గరికి వచ్చింది. ఆమె ముత్తాత కుళ్ళాయప్ప పట్టాల వెంట నడిచి గీసి, సొంతంగా అచ్చువేసి, ప్లాట్‌ఫారం మీద అమ్ముకున్న పటం అది.

"ఇందులో మా ముత్తాత ఒక దొంగ స్టేషన్ పెట్టినాడు సార్. గుత్తి దాటినాక చిలకలబీడు. అట్లాంటి ఊరే లేదు. ఎవురన్నా కాపీ కొడితే పట్టుకోడానికి పెట్టినాడంట. మీ పటంలో గూడా అది ఉండాది. ఆయప్ప పేరొక్కటి ఎయ్యండి, ఇంకేం వద్దు."

పటాలు గీసేవాళ్ళకు ఇది పాత అలవాటే. ఇందుశేఖర్‌కి తెలియనిది కాదు. ఆమె చెప్పిన 'మీ పటం' ఆయన పనిచేసే పురాపటాల సంస్థది. ప్రతి బడి గోడ మీదా వేలాడుతుంది. కింద 'మా సొంత సర్వే' అనీ, సంపాదకుడు ఇందుశేఖర్ అనీ ఉంటుంది. సర్వే మాట దేవుడెరుగు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఊరూపేరూ లేని పటం ఒకటి దొరికితే దాని మీదే గీసుకుంటూ పోయాడు. ఆ చుక్కలన్నీ ఊళ్ళేనా అని చూసుకోవాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. వచ్చే నెల విచారణ పెడతామని ఆమెకు చెప్పి పంపేశాడు.

సంస్థ సమావేశంలో అందరూ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నారు. ఆమె అడిగింది న్యాయమేనన్నారు. కానీ పేరు వేస్తే నకలు కొట్టామని ఒప్పుకున్నట్టేనని, మూలదర్శినిని కన్నవాడే దొంగ అని లోకం నవ్వుతుందని అధ్యక్షుడు భూపతి తేల్చేశాడు.

అప్పుడు ఇందుశేఖర్ నోరు విప్పాడు. "చిలకలబీడు నిజంగా ఉంటే అది కల్పన కాదు కదా."

అన్నాక తల ఎత్తలేకపోయాడు. సిగ్గుతో చెవులు మండాయి. ఎవరైనా ఛీ అంటే బాగుండునని ఎదురుచూశాడు. భూపతి అందరికీ టీ తెప్పించాడు.

సంస్థ పంపిన గోడలు పోసే యంత్రాలు గుత్తి అవతల ముళ్ళకంపలో దిగాయి. ప్లాట్‌ఫారం, బెంచీ, కుళాయి, పసుపుపచ్చ బోర్డు లేచాయి. ప్యాసింజరు ఆగడం మొదలైంది. మేకలు తప్ప దాని మొహం చూసేవాళ్ళు లేరు.

విచారణ రోజున మూలదర్శిని తీర్పు చెప్పింది. "చిలకలబీడు నేల మీద ఉంది. నిజానికి కర్త ఉండడు. ఇది నకలు కాదు."

నాగరత్న పోట్లాడుతుందనుకున్నారు. ఆమె తల దించుకుంది.

"తప్పయిపోయింది సార్. ఆయప్ప గొప్పకి చెప్పుకున్యాడేమో, మేమంతా నమ్మినాం. ఉత్తపుణ్యానికి మీ మీద నింద ఏసినాను."

నిజం చెప్పేయడానికి ఇంతకన్నా మంచి సమయం రాదని ఇందుశేఖర్‌కి తెలుసు. "పరవాలేదమ్మా" అన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె సంచిలోంచి ఇంకో పటం తీసింది. ధర్మవరం వైపుది, కుళ్ళాయప్ప గీసిందే. ఎటూ వచ్చాను కాబట్టి దీన్ని కూడా చూపించి పోతానని, ఇదీ తేలిపోతే ఇంట్లోవాళ్ళకు చెప్పి ఊరుకుంటామని అంటూ మూలదర్శిని అద్దం మీద పరిచింది. రేపు చూద్దామని ఇందుశేఖర్ చెయ్యి చాపేలోపే కాంతి దాని మీదుగా జరిగిపోయింది.

ఒకసారి చూసిన పద్ధతిని మళ్ళీ చెప్పించుకోకుండా పాటించడం మూలదర్శినికి ఇందుశేఖర్ నేర్పిన విద్య. దాని గురించి దేశదేశాల్లో ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు.

"ఇందులోనూ నేల మీద లేని స్టేషన్ ఒకటి ఉందండీ. మన సంస్థ పటంలోనూ ఉంది," అంది యంత్రం. "తీర్పు ఇప్పుడే ఇవ్వమంటారా, పోయినసారిలాగా మీరు స్టేషన్ కట్టాక ఇవ్వమంటారా?"

నాగరత్న పటం మీంచి చెయ్యి తీసి ఇందుశేఖర్ వైపు తిరిగింది. యంత్రం జవాబు కోసం మర్యాదగా ఆగింది.