రెండు కాకుల వంతెన మీద శాలువా

పొద్దుగూకాక రెండు కాకుల వంతెన మీద బండి ఆపకూడదు. మా ఆదివాసుల పైన్ రిడ్జ్‌లో చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. శాలువా కప్పుకున్న ఒకావిడ అక్కడ నిలబడి చెయ్యెత్తుతుందట... ఆపామా, ఎక్కి పక్కన కూర్చుంటుందట.

మా అక్క మొగుడు వెండెల్ ఆపాడు. ఆయన చెప్పిందే చెబుతున్నా.

మా ముసలమ్మలు దాచుకున్న పాత జింకతోలు బొమ్మలంటే పట్నంలో కొందరికి మోజు. ఇంటింటికీ తిరిగి, వాళ్ళకి అవి సంపాదించిపెట్టడమే బావ పని. ఆ రోజు వంతెన దారిలో ఉండే ముసలావిడ, జోనా అమ్మమ్మ దగ్గర ఒకటి దొరికింది. పూసలు కుట్టిన గౌను, తలకి ఆవిడ తల్లి జుట్టే.

"బడిపిల్లలకి చూపించి రేపు తెచ్చేస్తా అమ్మమ్మా" అన్నాడట. ఆవిడ కాఫీ పోసి మరీ ఇచ్చింది. చీకటి పడకముందే బొమ్మ పట్నంవాడి కారెక్కింది.

తిరిగొస్తుంటే మంచు మొదలైంది. వంతెన మీదికి వచ్చాడో లేదో... దీపాల వెలుగులో — శాలువా!

చెయ్యెత్తింది.

బావకి పైప్రాణాలు పైనే పోయాయి. కంగారులో బ్రేకు తొక్కాడు. బండి జారి, జారి... సరిగ్గా ఆవిడ పక్కనే ఆగింది. అద్దం మీద మెల్లగా తట్టింది.

"వెండెల్..."

"పేరు పెట్టి పిలిచిందిరా! ఎలా ఇల్లు చేరానో నాకే తెలీదు" అంటాడు బావ. అందరూ నోరెళ్ళబెట్టి వింటారు. నేనూ విన్నాను, చలికాలమంతా.

మంచు కరిగాక ఒకరోజు ఆయన బండి అడిగి తీసుకున్నా. సీటు కింద ఒక బుల్లి శాలువా కనబడింది. అరచేతంత ఉంది, అంచంతా పూసలు.

"ఏం బావా, దెయ్యం సారె పెట్టి పంపిందా?" అన్నా.

మామూలుగా అయితే నా మాటకి రెండు మాటలు అంటించేవాడు. ఆ రోజు నవ్వలేదు. నా చేతిలోంచి అది లాక్కున్నాడు.

"జోనా అమ్మమ్మరా..." అన్నాడు గొంతు తగ్గించి. "ఆ మంచులో నడిచొచ్చి నా కోసం కాచుకుని నిలబడింది."

"బొమ్మ ఇచ్చెయ్యమందా?"

"అడిగినా బావుండేది. 'రాత్రంతా బడిలో ఒక్కతే పడుకోవాలిగా, చలేస్తుంది... ఇది కప్పు నాయనా' అంది."

"మరి నువ్వేమన్నావు?"

"సరే అన్నా."

సిగ్గుతో నాకే తల వంగిపోయింది. బండి తాళాలు ఆయన ముందు పెట్టేశా.

"నిజంగా దెయ్యమే అయ్యుంటే బతికిపోయేవాణ్ణిరా" అన్నాడు బావ.