తలుపుకు పెట్టిన బరువు

"అయ్యా, సాయంత్రంలోగా గది ఖాళీ చేయమన్నారు. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోను?" అంటూ వాచ్‌మన్ గుమ్మంలోనే కూలబడ్డాడు. అతని చొక్కా ఇంకా పొగ వాసన వేస్తోంది.

తూకం పెద్దాయన కుర్చీ చూపించాడు. ముప్పై ఏళ్లు తాళాలూ గడియలూ అమ్మి, కొట్టు కట్టేశాక ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టిన మనిషాయన. సరుకునైనా మాటనైనా చేత్తో ఎత్తి చూడందే నమ్మడు కనుక ఆ పేరు వచ్చింది. పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నది బావమరిది. టైపిస్టుగా రిటైరైన ఈయన లెక్కలో లోకంలోని తెలివంతా బావ దగ్గర టోకున ఉంది. మిగతావాళ్లకు దక్కింది చిల్లరే.

"మొదటి నుంచి చెప్పు," అన్నాడు పెద్దాయన.

నిన్న సాయంత్రం అయిదింటికి, అతను కాపలా ఉండే అపార్టుమెంటులో మూడో అంతస్తు వరండాలో కరెంటు మీటర్ల అలమర అంటుకుంది. నిప్పు ఆర్పే సిలిండరు కోసం అపార్టుమెంటు సంఘం సెక్రటరీ పరిగెత్తితే కొక్కెం ఖాళీగా ఉంది. వాచ్‌మన్ కింద నుంచి ఇసుక బకెట్లు మోసుకొచ్చి మంట ఆర్పాడు. ఈలోగా పొగ మెట్ల మీదకు ఎగబాకింది. నాలుగో అంతస్తు నుంచి దిగుతున్న పెద్దావిడ ఊపిరాడక మధ్యలోనే పడిపోయింది. ఆవిడను వీపున వేసుకుని కిందికి దించింది కూడా వాచ్‌మనే. తర్వాత చూస్తే సిలిండరు అతని గది పక్కన, మెట్ల కింద దొరికింది.

"నేనే దాచానంటున్నారయ్యా. నేను ముట్టనే లేదు."

"మెట్ల తలుపు మూసి ఉందా?"

"బార్లా తెరిచే ఉంది. ఆ మాటా నమ్మడం లేదు. స్ప్రింగు తలుపు దానంతటదే మూసుకుంటుందిగా అంటున్నారు."

పెద్దాయన చెప్పులు వేసుకున్నాడు.

మూడో అంతస్తులో సెక్రటరీ ఎదురొచ్చాడు. "ఇందులో పరిశోధించేదేముందండీ? దొంగ దొరికాడు, సొత్తూ దొరికింది."

"సొత్తు చూడకుండా బేరం కుదర్చడం నాకు అలవాటు లేదు," అంటూ పెద్దాయన కాలిపోయిన అలమరలోకి తొంగి చూశాడు. మాడిన కాగితాల కట్టలు అడుగున ఇంకా ఉన్నాయి. "ఈ పాత పేపర్లు ఎవరివి?"

సెక్రటరీ గొంతు తగ్గింది. "మావేనండి. ఇంట్లో చోటు లేక..."

పెద్దాయన మెట్ల తలుపు పక్క అంచు మీద వేలితో రాసి, నల్లబడిన వేలిని బావమరిదికి చూపించాడు. తర్వాత మెట్ల వైపు, తలుపు తెరిస్తే ఆగే చోట, గచ్చు మీద గుండ్రటి తుప్పు మరక చూశాడు. చివరికి సిలిండరు తెప్పించుకుని పిడిని కళ్లజోడు సరిచేసుకుని మరీ పరీక్షించాడు. పిడి కింది వైపు నీలం రంగు పొడి అంటుకుని ఉంది.

నాలుగో అంతస్తులో పెద్దావిడ మంచం మీద కూర్చుని దగ్గుతోంది. చేతికర్ర ఒక పక్కన, మూత డబ్బా ఒక పక్కన. కాళ్ల దగ్గర ఆవిడ తమ్ముడు, మూడో అంతస్తు దర్జీ, తల వంచుకుని ఉన్నాడు.

"రోజూ కిందికి ఎందుకమ్మా?" అడిగాడు పెద్దాయన.

"వీడి దగ్గర టీ తాగడానికి నాయనా. అయిదు కొట్టేసరికి డబ్బాలో ఏదో ఒకటి పెట్టుకుని దిగుతాను. లిఫ్టంటే నాకు భయం."

"ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో డబ్బా. మరి ఆ బరువు తలుపు ఎలా లాగుతారు?"

"లాగడమెందుకు? తెరిచే ఉంటుందిగా!"

బావమరిది ఆ మాట రాసుకున్నాడు గానీ దాని బరువు ఆయనకు తెలియలేదు.

నాలుగింటికి అందరినీ పెద్దావిడ గదిలోనే కూర్చోబెట్టాడు పెద్దాయన.

"వాచ్‌మన్ చెప్పింది నిజం. మూసిన తలుపు అంచు చట్రంలో దాగి ఉంటుంది, దానికి మసి పట్టదు. ఈ తలుపు అంచు నల్లగా ఉంది. అంటే పొగ వచ్చినంతసేపూ తెరిచే ఉంది. స్ప్రింగు తలుపు ఊరికే తెరుచుకుని ఉండదు, బరువు కావాలి. గచ్చు మీది తుప్పు మరక సరిగ్గా సిలిండరు అడుగంత ఉంది. ఒక్కరోజులో అంత తుప్పు పట్టదు, నెలలు పడుతుంది. ఇక పిడి కింద నీలం సుద్ద. గుడ్డ మీద గీతలు గీసేవాళ్ల చేతికే అది ఉంటుంది."

అందరూ దర్జీ వేళ్ల వైపు చూశారు.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "అక్క తలుపుతో కుస్తీ పట్టలేదని రోజూ నేనే పెట్టేవాణ్ని. టీ తాగి అక్క వెళ్లాక కొక్కేనికి తగిలించేవాణ్ని. ఆరు నెలలుగా అది నాకు తలుపుకు పెట్టిన బరువేనండీ, నిప్పు ఆర్పేదని నిన్న గుర్తే రాలేదు. అక్క పడిపోయిందనగానే తెలిసింది, పొగను పైకి పంపింది నేనేనని. దాన్ని చూడలేక మెట్ల కింద పడేశాను. నింద ఇతని మీదకు పోతుందనుకోలేదు. పడ్డాకేమో, అక్క ముందు చెప్పడానికి నోరు రాలేదు."

పెద్దావిడ కర్ర అందుకుని తమ్ముడి మోకాలి మీద చిన్నగా ఒకటి వేసింది.

"చిన్నప్పుడూ అంతే వీడు. నేను బడి నుంచి వచ్చేదాకా ఎవర్నీ తలుపు వేయనిచ్చేవాడు కాదు. ముందు అతనికి చెప్పరా, నన్ను మోసిన మనిషికి."

దర్జీ లేచి వాచ్‌మన్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పయిపోయింది తమ్ముడూ."

"అమ్మగారు బాగున్నారుగా, చాలు," అన్నాడు వాచ్‌మన్.

పెద్దాయన సెక్రటరీ వైపు తిరిగాడు. "మంటకు మేత మీ పేపర్లు, పొగకు దారి ఈయన ప్రేమ. ఆర్పింది మాత్రం మీరు పొమ్మన్నవాడు. తూకం మీరే వేయండి."

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "గది ఖాళీ చేయక్కర్లేదోయ్. పేపర్లు... ఇప్పుడే తీయిస్తాను."

"తీయించడం కాదు, తీయండి," అంది పెద్దావిడ.

"మరి నా టీ?" అని కూడా ఆవిడే అడిగింది.

"టీకి కాళ్లున్నాయమ్మా," అన్నాడు పెద్దాయన దర్జీని చూపిస్తూ. "తలుపు మూసే ఉండాలి. అదే మిమ్మల్ని కాపాడేది."

మర్నాడు అయిదింటికి బావాబావమరుదులు అటుగా వెళ్లారు. సిలిండరు కొక్కేనికి వేలాడుతోంది. దాని చుట్టూ గోడ మీద దర్జీ నీలం సుద్దతో కొలత తప్పకుండా గీత గీశాడు, తీస్తే ఖాళీ అందరికీ కనపడేలా.

"బావా, ఆవిడ 'తెరిచే ఉంటుందిగా' అన్నప్పుడే నీకు తెలిసిపోయింది కదూ?"

"నువ్వు రాసుకున్నావు, నేను విన్నాను. అంతే తేడా."

ఇంతలో దర్జీ టీ ఫ్లాస్కుతో మెట్లెక్కాడు. వెనక తలుపు ధన్‌మని మూసుకుంది. పై నుంచి గొంతు వినిపించింది.

"వేశావురా తలుపు?"

"వేశానక్కా!"