అట్ట మీద లేని పేరు

"నా పుస్తకం మీద ఎర్రసిరా పోసిందెవరు?"

కూర్మారావు కేకకి వంశధార తెలుగు సంఘం లైబ్రరీ ఉలిక్కిపడింది. పేపరు చదువుకుంటున్న పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. బయట ఆగస్టు వాన. జంషెడ్‌పూర్ అగ్రికో కాలనీ వీధులన్నీ నీళ్లు.

"పోయలేదండీ, దిద్దేను," అంది గుమ్మంలో గొడుగు దులుపుకుంటున్న అమ్మాయి. "పోసేసుంటే ఇంకా బాగుండేది. అక్షరాలు కనబడకుండా పోయేవి."

కూర్మారావు కాగితాల కట్ట గుండెకి హత్తుకున్నాడు. వారమంతా స్టీలు ప్లాంటులో మీటర్లు బాగుచేస్తాడు. ఆదివారాలు ఈ లైబ్రరీ చూసుకుంటాడు. ఇరవయ్యారేళ్ల మనిషి రెండేళ్లు కష్టపడి, పిల్లల కోసం ఆకాశం గురించి ఒక పుస్తకం రాశాడు. తన చిన్నప్పుడు ఈ ఊళ్లో నక్షత్రాల గురించి తెలుగులో చదువుదామంటే ఒక్క పుస్తకం దొరకలేదు. ఆ కొరత తీర్చాలని పట్టుదల. రాతప్రతిని సంఘం సెక్రటరీ సీతారామరావు గారికిస్తే, ఆయన ఓసారి చూడమని ఈ అమ్మాయి చేతిలో పెట్టారు.

అమ్మాయి పేరు జగదాంబ. టాటానగర్ రైల్వే క్వార్టర్ల నుంచి బస్సెక్కి వచ్చి, ఆదివారాలు పక్కగదిలో పిల్లలకి తెలుగు నేర్పుతుంది. బీయస్సీ ప్యాసైంది. ఆ సంగతి కూర్మారావుకి అప్పటికి తెలీదు. తెలిసింది ఎర్రసిరా ఒక్కటే.

"ఏం తప్పుందండీ ఇందులో? సైన్సు తప్పా?"

"సైన్సు రైటే. మీరే చదవండి మొదటి వాక్యం."

కూర్మారావు గొంతు సవరించుకుని గర్వంగా చదివాడు. "భూగోళము స్వీయాక్షముపై భ్రమణము సల్పుచు, తన కక్ష్యలో సూర్యగోళము చుట్టును పరిభ్రమించుచున్నది."

"ఇది పిల్లల పుస్తకమా అండీ, పెళ్లి మంత్రమా?"

పేపరు పెద్దాయన గట్టిగా నవ్వేశాడు. కూర్మారావు చెవులు ఎర్రబడ్డాయి.

"మీ పిల్లల్నే అడుగుదాం. అర్థం అవుతుందో లేదో!"

"రండి మరి."

పక్కగదిలో చాప మీద పదిహేనుమంది పిల్లలు. కూర్మారావు ఆ వాక్యం మళ్లీ చదివాడు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సూర్యకాంతం అనే తొమ్మిదేళ్ల పిల్ల చెయ్యెత్తింది.

"భయ్యా, కక్ష్యా మానే క్లాస్ రూమ్ న? సూరజ్ కా క్లాస్ రూమ్ కహాఁ హై?"

గది గొల్లుమంది. వాళ్లు వీధిలో మాట్లాడే హిందీలో కక్ష అంటే తరగతి మరి! సూర్యుడి తరగతి గది ఎక్కడని ఆ పిల్ల సందేహం. జగదాంబ మాత్రం నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది కూర్మారావుకి ఇంకా కష్టంగా తోచింది.

పిల్లలు వెళ్లాక, కూర్మారావు మూటాముల్లె సర్దుకుంటున్నవాడిలా కాగితాలు దగ్గరికి లాక్కుంటుంటే ఆమె మెల్లగా అడిగింది.

"మీరు ప్లాంటులో ఏటి చేత్తారండీ?"

"పైరోమీటర్లు చూస్తాను. మరిగే ఇనుములో థర్మామీటరు ముంచలేం కదా. దూరంగా నిలబడి గొట్టంలోంచి దాని రంగు చూస్తాం. ఎర్రగా ఉంటే వేడి తక్కువ. పసుపు, తెలుపు అయ్యేకొద్దీ ఎక్కువ. రంగుని బట్టి డిగ్రీలు చెప్పేస్తాం."

"మరి నక్షత్రాల వేడి ఎలా తెలుస్తాది?"

"వాటి రంగుని బట్టే..." అంటూ కూర్మారావు ఆగిపోయాడు.

"ఈ మాట పుస్తకంలో ఏ పేజీలో ఉందండీ?"

ఏ పేజీలోనూ లేదు.

"ఈ పిల్లల నాన్నలు సగంమంది ఆ ఇనుము దగ్గరే పని చేత్తారు," అంది జగదాంబ. ఆమె గొంతులో వేళాకోళం పోయింది. "నక్షత్రం అంటే ఏటో ఈ ఊరి పిల్లలకి సగం తెలుసండీ. మా నాన్న చేసే పని ఆకాశందాకా వెళ్తాదని తెలిస్తే ఆళ్లు ఎంత పొంగిపోతారు! అది మీరు దాచేసేరు."

ఆ రోజు కూర్మారావు గొడుగు మరిచిపోయి ఇంటికెళ్లాడు. తడిసిన సంగతి ఇంట్లో వాళ్లు చెబితేగానీ తెలియలేదు.

మరుసటి ఆదివారం నుంచి పుస్తకం రాయడం మళ్లీ మొదటి నుంచి మొదలైంది. అతను సైన్సు చెప్పేవాడు. ఆమె దాన్ని పిల్లల నోటికి పట్టే తెలుగులో రాసేది. రాసింది సూర్యకాంతానికి వినిపించేవారు. ఆ పిల్ల ఆవలిస్తే ఆ పేజీ చింపేసేవారు.

"మా ప్లాంటు జనరల్ మేనేజర్ కంటే ఈ సూర్యకాంతానికే ఎక్కువ భయపడుతున్నానండీ," అన్నాడు కూర్మారావు ఒకసారి.

"మంచిదే. మేనేజరు చదవడు కదా మన పుస్తకం."

'మన' అన్నది ఆమె గమనించిందో లేదో. కూర్మారావు ఆ వారమంతా దాన్ని తలుచుకుంటూనే మీటర్లు బిగించాడు. ఒకటి తిరగేసి బిగించాడు కూడా.

సెప్టెంబరులో ఒక సాయంత్రం బస్టాపు దగ్గర హఠాత్తుగా వాన పట్టుకుంది. ఉన్నది ఆమె గొడుగొక్కటే. అతని ఎడమ భుజం, ఆమె కుడి భుజం వానపాలు. కాగితాల సంచీ మాత్రం మధ్యలో భద్రంగా ఉంది.

"చందమామకి సొంత వెలుగు లేదని రాసేం కదండీ. చదివి పిల్లలు నొచ్చుకోరు కదా?" అంది.

"నొచ్చుకోవడం దేనికి? ఎవరో ఒకరి వెలుగు మీద పడితేనే కదా, చాలామంది కనబడేది."

"మిమ్మల్ని గురించేనా?"

"నా గురించే," అన్నాడు కూర్మారావు వానవైపు చూస్తూ. బస్సు వచ్చేసింది. ఆమె ఎక్కి, కిటికీలోంచి ఒకసారి చూసింది. ఆ చూపుకి అర్థం ఏ పుస్తకంలో వెతకాలో అతనికి తెలియలేదు.

నవంబరుకి పుస్తకం పూర్తయింది. ఫిబ్రవరి పదహారున సూర్యగ్రహణం. ఒరిస్సా తీరంలో సంపూర్ణం, జంషెడ్‌పూర్‌లో సన్నని వంక మిగులుతుంది. ఆ రోజే పుస్తకం విడుదల చెయ్యాలని సంఘం నిర్ణయించింది. చివరి అధ్యాయం గ్రహణం మీదే. కూర్మారావు మొదటి కాగితం మీద రెండు పేర్లూ తన చేత్తో రాసి సీతారామరావు గారికిచ్చాడు. ఆయన విజయనగరం ప్రెస్సుకి పంపారు.

ఫిబ్రవరి రెండో ఆదివారం జగదాంబ రాలేదు. ఆమెకి బదులు, టాటానగర్ పార్సెల్ ఆఫీసు నుంచి పుస్తకాల కట్టలు రిక్షాలో వచ్చాయి. ఒక కట్ట మూల అప్పటికే విప్పి ఉంది. కూర్మారావు ఆత్రంగా ఒక ప్రతి తీశాడు. నీలం అట్ట, పసుపు సూర్యుడు. కింద ఒకే ఒక్క పేరు. సనపల కూర్మారావు.

లోపల చూశాడు. వెనక చూశాడు. జగదాంబ పేరు ఎక్కడా లేదు.

పుస్తకం పట్టుకుని నేరుగా సీతారామరావు గారింటికి నడిచాడు. ఆయన తాపీగా కాఫీ తాగుతున్నారు.

"నేనే తీయించేనయ్యా. పెళ్లి కావలసిన పిల్ల. నీ పేరు పక్కన ఆ పిల్ల పేరు అచ్చేత్తే నలుగురూ ఏటనుకుంటారు? ఆలోచించే చేసేను."

"నలుగురూ అనుకునేది నిజమైతే బాగుణ్ణని ఆర్నెల్లుగా నేనూ అనుకుంటున్నానండీ! అలాగని ఆవిడ రాసిన పుస్తకం నాదని చెప్పుకోమంటారా? ఆవిడ పేరు లేకుండా ఈ పుస్తకం ఒక్క ప్రతి కూడా బయటికెళ్లదు."

సీతారామరావు గారి కాఫీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

ఐదొందల అట్టలు మళ్లీ అచ్చు వెయ్యడానికి వ్యవధి లేదు. కూర్మారావు మర్నాడు ఫోర్‌మన్‌ని అడిగి పలచటి ఇత్తడి రేకు తీసుకున్నాడు. మీటర్లకి పేర్లు చెక్కే చెయ్యి అతనిది. డ్యూటీ దిగాక రెండు రోజులు కూర్చుని, రేకులో ఒక్కో అక్షరం కోశాడు. రేకు అట్ట మీద పెట్టి రంగు అద్దితే పేరు పడుతుంది. తన పేరుకి పైన ఖాళీ ఉంది. సరిగ్గా అక్కడ సరిపోయేలా కొలత తీసుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం రేకు, ఒక కట్ట పుస్తకాలు సైకిలుకి కట్టుకుని రైల్వే క్వార్టర్లకి వెళ్లాడు. తలుపు తీసింది జగదాంబ తండ్రి అసిరయ్య. లోకోషెడ్‌లో ఫిట్టరు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వేనా కూర్మారావంటే?"

"నేనేనండీ."

"షెడ్డులో అందరికీ సెప్పుకున్నాను బాబూ. మా గుంట సూర్యుడి మీద బుక్కు రాసినాదని. పార్సెలొచ్చినాదంటే నేనే ఎల్లినాను. పదిమంది ముందర కట్ట ఇప్పినాను. కూడబలుక్కుని సదివినాను. ఏటుంది? నీ పేరుంది." అసిరయ్య తలుపు రెక్క గట్టిగా పట్టుకున్నాడు. "నా కూతురు పేరు రాయడానికి సిరా అయిపోనాదేటి?"

అంతకంటే పెద్ద దెబ్బ కూర్మారావు ఎన్నడూ తినలేదు. జరిగిందంతా చెప్పాడు. తప్పు ఎవరిదో చెబుతూనే, అచ్చుకి ముందు ప్రూఫ్ తెప్పించుకుని చూడకపోవడం తన తప్పేనన్నాడు. అరుగు మీద పుస్తకం పెట్టి, ఇత్తడి రేకు దానిమీద ఆనించి, గుడ్డముక్కతో రంగు అద్దాడు. రేకు ఎత్తాడు.

పొట్నూరి జగదాంబ.

నీలం మీద తెల్లటి అక్షరాలు. తడి ఇంకా ఆరలేదు.

తలుపు వెనక నుంచి జగదాంబ బయటికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. అయినా మాట మాత్రం పదునుగానే ఉంది.

"పైనెందుకు పెట్టేరు? జాలేసిందా?"

"జాలి కాదండీ. ఈ పుస్తకంలో వాక్యాలు ఎవరివో నాకు తెలుసు. మీ పేరు కింద నా పేరు ఉంటే నాకు గొప్పగా ఉంటుంది. అంతే."

ఆమె తల తిప్పేసుకుంది. అసిరయ్య పుస్తకం చేతిలోకి తీసుకుని, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివాడు. రెండోసారి చదివాడు. మూడోసారి మీసం తుడుచుకున్నాడు.

"ఆ గుడ్డ ఇటియ్యి బాబూ. అలాగ రుద్దితే రంగు అలికిపోద్ది. ఇరవయ్యేళ్లు ఇంజన్ల మీద నంబర్లేసినోణ్ణి, నేనేత్తాను."

మిగిలిన కట్టలన్నీ ఆ క్వార్టరుకే చేరాయి. మూడు రోజులు లోకోషెడ్ మిత్రులు డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చారు. ఒకరు రేకు పట్టేవారు, ఒకరు ఆరబెట్టేవారు. రంగు అద్దే పని మాత్రం అసిరయ్య ఎవరికీ ఇవ్వలేదు.

శనివారం, గ్రహణం రోజు. మధ్యాహ్నానికే అగ్రికోలో తలుపులు మూసేశారు. వీధులు బోసిపోయాయి. సంఘం ఆవరణలో మాత్రం జగదాంబ పిల్లలు పదిహేనుమందీ, చేతిలో కొత్త పుస్తకంతో. వాళ్ల వెనక భయం భయంగా తల్లిదండ్రులు.

"సూర్యుణ్ణి సూటిగా చూడకూడదు. ఏ పేజీలో రాసేం?" అంది జగదాంబ.

"ముప్పయ్యెనిమిది!" పిల్లలంతా తెలుగులోనే అరిచారు.

అట్టముక్కకి సూదితో బెజ్జం పెట్టి, ఎండకి వీపు పెట్టి నిలబడ్డారు. ముందున్న తెల్లకాగితం మీద చిన్న సూర్యుడు పడ్డాడు. ఒక పక్క ఎవరో కొరికినట్టున్నాడు. సూర్యకాంతం వాళ్లమ్మకి చూపిస్తూ, చంద్రుడు ఎలా అడ్డం వచ్చాడో గడగడా చెబుతోంది. ఎన్నాళ్లనుంచో కూతురి హిందీకి అలవాటుపడ్డ ఆ తల్లి, గ్రహణం సంగతి మరిచిపోయి కూతురి నోటివైపే చూస్తోంది.

మూడున్నర దాటాక వెలుగు పల్చబడింది. చలిగాలి వీచింది. మామిడిచెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే ఎండచుక్కలన్నీ నెలవంకలైపోయాయి. నేల మీద, చాపల మీద, జగదాంబ తెల్లచీర మీద వందల వంకలు. కూర్మారావు ఆకాశం సంగతి మరిచిపోయి అటే చూస్తూ నిలబడ్డాడు.

"సూటిగా చూడకూడదన్నాను కదండీ," అంది ఆమె, తల ఎత్తకుండానే.

అప్పుడే సీతారామరావు గారు గొడుగు వేసుకుని బిక్కుబిక్కుమంటూ వచ్చారు. పుస్తకం తీసుకుని, అట్ట మీద పేర్లు చూసి, అసిరయ్య దగ్గర ఆగారు.

"తప్పు చేసేనయ్యా. పిల్లది కష్టపడింది, నేను పేరు తీసేసేను. దిద్దుకునే అవకాశమియ్యి. ఈ కుర్రాడు మీ అమ్మాయంటే ఆర్నెల్లుగా మనసు పడుతున్నాడు. నాతోనే అన్నాడు. నీ మాటేటి?"

అందరి తలలూ అటు తిరిగాయి. కూర్మారావుకి భూమి తిరుగుతున్నట్టు మొదటిసారి స్పష్టంగా తెలిసింది.

అసిరయ్య తాపీగా అన్నాడు. "నన్నడుగుతావేటి బాబూ? సదువుకున్న గుంట. పుస్తకం రాసిన గుంట. దాని మాట అదే సెప్తాది. నాకైతే ఈ బాబు నచ్చినాడు."

జగదాంబ కూర్మారావువైపు తిరిగింది. "ఆయన చెప్పింది నిజమేనా?"

"నిజమేనండీ. ఎర్రసిరా చూసిన రోజు కోపం వచ్చింది. గొడుగు మర్చిపోయింది మాత్రం కోపంతో కాదు. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"తోకచుక్కల మీద పుస్తకం రాద్దామనుకుంటున్నాను," అంది ఆమె.

"మంచిది."

"నేనొక్కదాన్నే రాత్తాను. అట్ట మీద నా పేరొక్కటే ఉంటాది."

"సనపల జగదాంబ అనా?"

"పొట్నూరి జగదాంబ అనే."

కూర్మారావు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎర్రసిరా నేను తెస్తాను. దిద్దే పని నాకిప్పించండి చాలు."

జగదాంబ నవ్వింది. ఆ నవ్వుని ఈసారి కొంగుతో దాచుకోలేదు. పిల్లలు ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. అసిరయ్య పక్కవాడి భుజం మీద గట్టిగా చరిచాడు.

వైశాఖంలో పెళ్లయింది. రెండేళ్లకి తోకచుక్కల పుస్తకం వచ్చింది. అది వచ్చిన ఆదివారం, సంఘంలో కొత్తగా చేరిన ఒకాయన లైబ్రరీ బల్ల మీద దాన్ని చూసి చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ఇంకా అట్ట మీద పేరైనా చదవలేదు.

"మా ఆవిడ రాసిందండీ," అన్నాడు కూర్మారావు.