ఐసుపెట్టెలో తూటాలు

“సార్, వీళ్లు వేటగాళ్లు కారు. హంతకులు!”

టెలిఫోన్ బూత్‌లో భీమరాజు పళ్లు నూరాడు. ఈ అరబ్బు దేశంలో, కర్జకాన్ తోటలో కూలీ వేషం వేసి తొమ్మిది రోజులైంది.

అవతల ఢిల్లీలో చీఫ్ సోమరాజు ఏసీ కింద ఆవులించాడు. “తబితా రిపోర్ట్ నా టేబుల్ మీదుంది. జింకల వేటకొచ్చిన ఫారిన్ పార్టీ. లైసెన్స్ క్లియర్. ఆమె ఆ పార్టీలో మన డబుల్ ఏజెంట్.”

“తూటాలు నా కళ్లతో చూశాను సార్. వేట తూటాకి ముక్కున మెత్తటి సీసం ఉంటుంది. ఒంట్లో దిగితే విచ్చుకుంటుంది, జింక అక్కడే కూలుతుంది. వీళ్లవి మ్యాచ్ గ్రేడ్. ముక్కున సూదిబెజ్జం. టార్గెట్ షూటింగ్ సరుకు. వాటితో కొడితే జింక చిల్లుపడి కూడా పారిపోయి, ఏ పొదలోనో కుళ్లి చస్తుంది. ఆ పాపం ఏ వేటగాడూ మూటగట్టుకోడు.”

“ఎనిమిదో క్లాసు తప్పినోడివి. నాకు బాలిస్టిక్స్ చెప్తావా?”

“మా తాత మన్యంలో అడవిపందుల్ని కొట్టాడు సార్, మీరు ఫైళ్లు కొట్టినట్టు! రేపు పదింటికి ఆదాముని బయటికి తేవద్దు.”

లైన్ కట్.

ఆదాము సిత్రా కూలీల క్యాంపులో ఉండే వెల్డర్. మన ఆయిల్ ట్యాంకరుకు బాంబు బిగించిన ముఠాను చూసిన ఒకే ఒక్క సాక్షి. మర్నాడు శుక్రవారం, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో తెలుగు ఫెలోషిప్ ప్రార్థన ముగియగానే వాంగ్మూలానికి తీసుకెళ్తారు. ఈలోగా అతన్ని ఎక్కడ దాచారో భీమరాజుకు చెప్పే దిక్కులేదు.

తెల్లవారింది. షూటర్ మార్టిన్ రైఫిల్‌ను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని పికప్ ముందుసీట్లో కూర్చున్నాడు. తూటాలు మాత్రం ఐసుపెట్టెలో. లోపలి తుపాకిమందు వేడెక్కితే తూటా వేగం పెరిగి గురి పైకి పోతుందని, సాధన అంతా చల్లటి తూటాలతోనే చేశాడు. అంత జాగ్రత్తపరుడూ పెట్టెను కూలీకే పడేశాడు. బరువు కూలీ మోయాలి, కూలీ వెనకే కూర్చోవాలి. దొరలకు అంతకుమించి ఆలోచన పోదు.

“సామాన్ జాగ్రత్త, అన్నయ్యా,” నల్లకళ్లద్దాల వెనక నుంచి తబితా నవ్వింది. ఈ కూలీ ఎవరో ఆమెకు ఆఫీసు చెప్పలేదు. చీఫ్ జన్మలో చేసిన తెలివైన పని అదొక్కటే.

“అలాగేనమ్మా,” అన్నాడు భీమరాజు, పెట్టెతో పికప్ వెనక ఎక్కుతూ.

ఆగస్టు ఎండకు పికప్ ఇనుప రేకు పెనంలా కాలుతోంది. ఐసు రోడ్డు మీద పారబోసి, తూటాలను రేకు మీద పరిచాడు. కుదుపుకు దొర్లిపోకుండా దారి పొడవునా అరచేతులతో అదిమిపట్టాడు. చర్మం చురచురలాడింది. చీఫ్‌ను అమ్మనా బూతులు తిట్టుకుంటూ ఓర్చుకున్నాడు.

సగం కట్టిన బిల్డింగు, అయిదో అంతస్తు. ఎనిమిది వందల గజాల దూరంలో ప్రార్థన హాలు. ఇద్దరు తుపాకీ కాపలాదారులు కింద మెట్ల దగ్గర, తబితా పైన మార్టిన్ వెనక.

“యల్లా, త్వరగా!” మార్టిన్ చేయి చాచాడు. భీమరాజు ఒక్కో తూటా అందించాడు. గ్లవ్స్ తొడిగిన వేళ్లకు వేడి తెలియలేదు.

పది. హాలు తలుపు తెరుచుకుంది. తెల్లచొక్కాలో ఆదాము.

ఢాం!

ఆదాము నెత్తికి మూరెడు పైన గోడ పెళ్లలు రాలాయి. మార్టిన్ నోరు తెరిచాడు. ఈ జన్మలో అతను అంత ఎత్తుకు కొట్టలేదు. మళ్లీ బోల్ట్ లాగేలోపు భీమరాజు విసిరిన ఐసుపెట్టె అతని కణత మీద పడింది. హాలు ముందు గార్డులు ఆదామును లోపలికి లాగేశారు.

తబితా పిస్టల్ భీమరాజు వైపు తిరిగింది. తుపాకీ చప్పుడుకు పరిగెత్తుకొచ్చిన గస్తీ పోలీసుల ఈలలు కింద, కాపలాదారుల ఆయుధాలు పడిన చప్పుడు, మెట్ల మీద బూట్లు. అంతే, పిస్టల్ మార్టిన్ వైపు తిరిగింది.

“అన్నయ్యా, నేనూ మన ఆఫీసే!”

“తెలుసు తల్లీ. నీ రిపోర్టు విన్నాను.” పిస్టల్ లాక్కున్నాడు. “ఖలాస్.”

మధ్యాహ్నం ఆదాము నలుగురి పేర్లు చెప్పి సంతకం పెట్టాడు. ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది.

“శభాష్! నీకు మెడల్ రికమెండ్ చేస్తున్నాను.”

“మెడల్ మీరే పెట్టుకోండి సార్. నాకు బర్నాల్ ట్యూబు పంపండి. దానిక్కూడా తబితా రిపోర్ట్ కావాలంటే, అమ్మాయి లాకప్‌లో ఖాళీగానే ఉంది.”